ఖేడ్‌లో అందరికన్నా బీదది

హైదరాబాదు,
4-2-1987

అత్తమ్మా,

ముందు కూర్చో. నిలబడి చదివి, మోకాలు గుంజిందని మళ్లీ నా మీద పెడతావు.

నాకు ఇంగ్లండులో సీటు వచ్చింది. ఒక ఏడాది చదువు. ఊళ్లో రోగం వచ్చాక మందివ్వడం కాదు, రాకముందే ఏం చేయాలో నేర్పే చదువు. ఐదేళ్లుగా మా దవాఖానలో నర్సుగా విరోచనాల పిల్లలకు సెలైన్ పెడుతున్నాను. ఒకే గల్లీ నుంచి, ఒకే నల్లా నీళ్లు తాగి, అవే పిల్లలు మళ్లీ మళ్లీ వస్తున్నారు. పోయినేడు వాళ్లలో ఒక పిల్ల నా చేతిలోనే పోయింది. అప్పుడే దరఖాస్తు పెట్టాను. రాదనుకుని నీకు చెప్పలేదు.

ఫీజు వాళ్లే మాఫీ చేశారు. ఉండటానికీ తినటానికీ మాత్రం ఏడాదికి యాభై వేల రూపాయలు అవుతుందట. ఆ డబ్బు మన దగ్గర ఉందని ముందే రుజువు చూపాలి. చూపితేనే యూనివర్సిటీ అసలు ఉత్తరం ఇస్తుంది. ఆ ఉత్తరం లేకపోతే వీసా లేదు. నా ఖాతాలో పంతొమ్మిది వేలున్నాయి. మిగతా ముప్పై ఒక్క వేలకు మా ఇంటి పెద్ద ఎవరైనా పూచీ పడాలి. అమ్మా నాన్నా పోయాక నా ఇంటి పెద్దవు, మేనత్తవు నువ్వే కదా.

నీ దగ్గర అంత లేదని నాకు తెలుసు. అయినా పదకొండెకరాల చెలక, సొంత ఇల్లు కాగితం మీద చూస్తే బాగానే కనిపిస్తాయి. తక్కువ పడ్డది నేనే ఎలాగో చూస్తాను. నువ్వు ముందు మండలాఫీసులో నీ ఆదాయం సర్టిఫికెట్ తీయించి పంపు. కాగితాలన్నీ ఏప్రిల్ ముప్పై లోపల ఇక్కడ పోస్టులో వేయాలి. ఆ తేదీ దాటితే సీటు ఇంకొకరికి పోతుంది.

ఈ నెల యాభై రూపాయల మనియార్డరు పంపాను. బియ్యం కొనుక్కో, చర్చి చందాలో వేయకు.

నీ
ఎలీసబెతు

*

ఖేడ్,
16-2-87

బిడ్డా ఎలీసబెతూ,

దేవుడు నిన్ను సల్లగ సూడాలె. నేను మంచిగున్న, బర్రెలు మంచిగున్నయి. మోకాలు మాత్రం నీ ఉత్తరం నిలవడి చదివినందుకు గుంజుతున్నది.

సీటొచ్చిందంటే ఎంత ఖుషీ అయిందో ఏం చెప్పాలె. మీ నాయిన ప్రేమదాసు ఉంటే ఖేడ్ బజారంత తిరిగి చెప్తుండె. నేను మాత్రం ఎవ్వలకు చెప్పలే. పని కాకముందు చెప్తే దిష్టి తగులుతది.

ఇగ అసలు ముచ్చట. ఆమ్దాని సర్టిఫికెట్ తెచ్చిన, దీంట్లనే పెట్టిన. ఎంత రాయించిన్నో చూడు. ఏడాదికి పందొమ్మిది వందలు. ఖేడ్‌ల ఇప్పటిదాక రెండు వేలకు కింద ఎవ్వలకు పడలేదంట. నాకన్న బీదది ఈ ఊర్ల లేదని సర్కారు ముద్ర పడ్డది.

దీనికి నేను ఎంత తిప్పలు పడ్డ్నో విను. మాణిక్యప్ప యాదికున్నడా? ఆఫీసు ముంగట గొడుగు కింద ఇనుప పెట్టె ఏసుకొని అర్జీలు రాస్తడు. మన దిక్కు ఎవ్వలకు కరువు పైసలు రావాలన్న, బియ్యం కార్డు కావాలన్న ఆయననే రాయాలె. పాపం నాకోసం మస్తు కష్టపడ్డడు. 'ఈమె కడు నిరుపేద విధవరాలు. భూమి వర్షాధారము. నాలుగేండ్ల నుండి వర్షమూ లేదు, ఆధారమూ లేదు' అని రాసి, తనే చదువుకొని, తనే కండ్లు తుడుసుకున్నడు.

ఇల్లు చూడనీకె ఒక సారు వస్తడని తెలిసి, పొద్దుగాలనే బర్రెలను పక్కింటి లక్ష్మవ్వ కొట్టంల కట్టేసి వచ్చిన. అతుకుల చీర కట్టిన. పొయ్యి ముట్టియ్యలే. ఇంట్ల ఏడు బస్తాల పెసలుంటయి, వాటి మీద గొంగడి కప్పి, గొంగడి మీద నేనే పండుకొని మూలుగుతున్న. జరమని చెప్పిన. ఆ సారు మంచోడు, దూరంకెల్లి నిలవడి మూడు వేలు రాసుకుంట అన్నడు. మూడు వేలుంటే నేను ఇట్ల మూలుగుతనా సారూ అన్న. ఆయన మొఖం చిన్నగ చేసుకొని నేను చెప్పిందే రాసుకున్నడు.

ఈ కాయితం చూసి ఆ ఇంగ్లండోళ్లు తిండి ఖర్చు కూడ మాఫీ చేయకపోతే నన్నడుగు.

నీ అత్త
అక్కమ్మ

*

హైదరాబాదు,
24-2-1987

అత్తమ్మా,

నీ సర్టిఫికెట్ అందింది. చదివి నవ్వాను, తర్వాత తల పట్టుకున్నాను. డ్యూటీ రూములో అందరికీ చూపించాను. సిస్టరు ఒకామె నీకు పాత చీరలు పంపుతానంటోంది.

తప్పు నాదే. ఎక్కువ ఉండాలో తక్కువ ఉండాలో నేను రాయలేదు. అది రాయాల్సిన సంగతే కాదనుకున్నాను. మనం బీదవాళ్లమని చూపిస్తే వాళ్లు జాలిపడరు అత్తమ్మా. డబ్బు లేక మధ్యలో చదువు ఆపేసి వాళ్ల దేశంలో ఎక్కడ తిరుగుతుందో అని భయపడతారు. మనం ఉన్నవాళ్లమని చూపించాలి. ఎంత ఉంటే అంత మంచిది.

ఆ పందొమ్మిది వందల కాగితం దాచిపెట్టు, ఎవరికీ చూపకు. దయచేసి మళ్లీ వెళ్లి ఉన్నది ఉన్నట్టుగా రాయించు. చెలక ఉంది, ఇల్లుంది, బర్రెలున్నాయి. ఈసారి బర్రెలను ఇంట్లోనే కట్టేసుకో, పొయ్యి కూడా ముట్టించు.

ఇంకా రెండు నెలలుంది. భయం లేదు.

నీ
ఎలీసబెతు

*

ఖేడ్,
9-3-87

బిడ్డా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. నాకు సమజ్ కాలే, మళ్ల చదివిన. లేనోళ్లని చెప్తే ఇయ్యరు, ఉన్నోళ్లని చెప్తే ఇస్తరా? ఉన్నోళ్లకు వీళ్లిచ్చుడెందుకు? యాభై ఏండ్లకెల్లి నేను నేర్చుకున్న తెలివంత ఇంగ్లండోళ్లు ఒక్క ముక్కల తీసిపారేసిన్రు.

మాణిక్యప్ప తానికి పోయిన. మాణిక్యప్పా, నేను ఉన్నదాన్నని ఒక కాయితం రాయి అన్న. కలానికి మూత పెట్టి, నా దిక్కు చూసి, 'అక్కమ్మా, జరం ఇంక దిగలేదా' అని అడిగిండు. దిగింది, రాయి అన్న. రాసిండు. చదివి వినిపిస్త, విను. 'పదకొండు ఎకరముల చెలక కలదు, కాని అందులో రాళ్లు కలవు. స్వంత ఇల్లు కలదు, కాని కురుస్తుంది. రెండు బర్రెలు కలవు, అందులో ఒకటి ముసలిది.' గిదేంది మాణిక్యప్పా అంటే, 'ఇరవై ఏండ్ల అలవాటు, చెయ్యి అటే పోతది, నేనేం చెయ్యాలె' అన్నడు. మూడుసార్లు రాసిండు. మూడోసారి రాళ్లు తీసేసిండు గని బర్రెను ఇంకింత ముసలిదాన్ని చేసిండు.

ఇదంత నడుస్తుంటే చుట్టు పదిమంది నిలవడ్డరు. ఆమ్దాని తక్కువ చేయమని వచ్చినోళ్లనే చూసిన్రు గని, ఎక్కువ చేయమని వచ్చినదాన్ని ఖేడ్‌ల ఎవ్వలు చూడలే. పొద్దుగూకే వరకు అక్కమ్మ చెలకల లంకెబిందెలు దొరికినయని ఊరంత చెప్పుకున్నరు. చర్చి పెద్ద తోమా వచ్చి, 'అక్కా, చర్చి కప్పుకు ఎనిమిది రేకులు కావాలె, నువ్వు యాదికొచ్చినవు' అన్నడు. ఇన్నేండ్లు నేను ఆయనకు యాదికి రాలే. బియ్యం దుకాణపాయన నా కార్డు అటు తిప్పి ఇటు తిప్పి చూసి నవ్విండు. కంగ్టికెల్లి ఎన్నడు చూడని చుట్టమొకామె వచ్చి రెండు దినాలుండి పోయింది.

అడిగినోళ్లకు ఏదో ఒకటి చెప్పి పంపిన. నువ్వు పరేషాన్ కాకు. నేను వేరే దారి చూస్తున్న.

నీ అత్త
అక్కమ్మ

*

హైదరాబాదు,
21-3-1987

అత్తమ్మా,

నువ్వు ఊళ్లో చెప్పిన ఆ 'ఏదో ఒకటి' ఏమిటో నాకు తెలిసింది.

మన గల్లీ స్తెఫను, బస్సు కండక్టరు, నిన్న దవాఖాన గేటు దగ్గరికి వచ్చాడు. నువ్వు పంపిన పెసలు ఇచ్చి, చేతులు జోడించి, 'పెండ్లి ఎప్పుడు అక్కా, మమ్ముల మరువకు' అన్నాడు. పెళ్లేమిటి అన్నాను. పెళ్లికొడుకుకు బీదర్‌లో ధాన్యం దుకాణముందట, మూడంతస్తుల మేడ ఉందట, వాళ్లకు సరితూగాలనే నువ్వు ఆదాయం పెంచి రాయించుకుంటున్నావట. పక్కనే మా వార్డు సిస్టరు నిలబడి అంతా వింది. ఇప్పుడు దవాఖానంతా స్వీట్లు అడుగుతున్నారు.

నేను చదువుకని అడిగితే నువ్వు పెళ్లని చాటావు. సరే, అది తర్వాత మాట్లాడుకుందాం.

ఇప్పుడు పని సంగతి. ఇక్కడ చాలామంది చేసే పద్ధతి ఒకటుంది. ఎవరైనా సేటు దగ్గర పది రోజులకని ముప్పై వేలు తీసుకుని బ్యాంకులో వేస్తారు. బ్యాంకు వాళ్లు ఇంత ఉందని కాగితం ఇస్తారు. మర్నాడే తీసి వాపసిచ్చేస్తారు. నువ్వు ఖేడ్‌లో అప్పులిచ్చే వీరప్ప సేటును అడగలేవా? అక్కడికి వెళ్లాక నేను దవాఖానల్లో పని చేసుకుంటూ ఎలాగో బతుకుతాను. కాగితమొక్కటి దాటితే చాలు.

యూనివర్సిటీ వాళ్ల పూచీ ఫారం కూడా పంపుతున్నాను. ఇంగ్లీషు కింద పెన్సిలుతో తెలుగు రాశాను. ప్రతి గీత కింద నీ సంతకం కావాలి. నువ్వు సంతకం పెట్టి పంపితే మిగతావి నేను నింపుకుంటాను.

నీ
ఎలీసబెతు

*

ఖేడ్,
30-3-87

బిడ్డా,

వీరప్ప సేటు ముంగట నేను చెయ్యి చాపను. పది దినాలకని ఇస్తడు, పదేండ్లు చెప్పుకుంటడు. ఇంకోసారి ఆ మాట రాయకు.

పెండ్లి సంగతి చెప్త. లంకెబిందెలని లోకమంత వచ్చి మీద పడుతుంటే ఏం చెప్పాలె? చదువుకని చెప్తే, ఆడపిల్లను దేశాలు దాటిస్తవా అని వాడకట్టంత పంచాయితీ పెడుతరు. పెండ్లని చెప్తే ఎవ్వలు ఏం అడగరు. అయ్యో పాపం, ఖర్చులుంటయి అని చందా అడిగేటోళ్లు కూడ వాపస్ పోతరు. తోమా కూడ ఎనిమిది రేకులకెల్లి నాలుగుకు దిగిండు. బీదర్ పెండ్లికొడుకు మాత్రం నా నోట్లెకెల్లి ఎట్లొచ్చిండో నాకే తెల్వదు. మేడ ఒక్క అంతస్తే చెప్పిన. మిగిలిన రెండు స్తెఫను కట్టిండు.

ఇప్పుడు ఇంకో తిప్పలొచ్చింది. బీదరోళ్లకే ఇస్తవా, మాకియ్యవా అని మనూర్ నుంచి ఒకామె కొడుకును వెంటేసుకొని వచ్చింది. సొలొమోను అని, బడిపంతులు. కోడి కోసిన. రెండుసార్లు పెట్టిచ్చుకున్నడు. పిల్లగాడు చెడ్డోడు కాదు, తల వంచుకొని తిన్నడు, తిన్న పళ్లెం తనే కడిగిండు. తల్లి మాత్రం తిన్నంత సేపు నా గోడలు చూసింది, ఎక్కడ తవ్వితే ఏముంటదో అన్నట్టు. పోయేటప్పుడు పిల్లగాడు వెనుకకు మర్లి, 'అత్తమ్మా, మీ బిడ్డకు చదువుకోవాలని ఉంటే చదువుకోనియ్యిన్రి, మా అమ్మ మాట పట్టించుకోకున్రి' అన్నడు. నీకు కావాలంటే ఈ పిల్లగాన్ని ఆపి పెడుత. నవ్వులకే అంటున్న.

ఎండలు ముదిరినయి. మినుములు బస్తాలకు ఎత్తిన. ఈసారి ధర మంచిగున్నది.

ఫారం అందింది. చూస్తున్న.

నీ అత్త
అక్కమ్మ

*

హైదరాబాదు,
8-4-1987

అత్తమ్మా,

నీ ఉత్తరంలో కోడి ఉంది, పెళ్లికొడుకు ఉన్నాడు, మినుముల ధర ఉంది. నేనడిగిన కాగితం మాత్రం లేదు.

ఫారం నీ చేతికొచ్చి పది రోజులు దాటింది. చూస్తున్న అంటావు. ఏం చూస్తున్నావు? ఇంకా ఇరవై రెండు రోజులే ఉంది.

మొదటి కాగితం పొరపాటని నమ్మాను, నవ్వుకున్నాను. రెండోది మాణిక్యప్ప చెయ్యి అలవాటన్నావు, నమ్మాను. పెళ్లి మాట ఊరి నోరు మూయించడానికన్నావు. ఇప్పుడు పెళ్లికొడుకులు కోడికూర తిని పోతున్నారు. నాకు ఒక్కటే అనిపిస్తోంది. నువ్వు కావాలనే చేస్తున్నావు. నేను వెళ్లడం నీకిష్టం లేదు. ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పు, నేను ఇంకెవరినైనా అడుక్కుంటాను. నవ్విస్తూ నవ్విస్తూ తేదీ దాటించకు.

ఎలీసబెతు

*

ఖేడ్,
14-4-87

బిడ్డా,

కోపంల రాసినవు. మంచిగనే రాసినవు. నేను కూడ ఈసారి సక్కగ రాస్త.

దీంట్ల ఒక కాయితం పెట్టిన. బ్యాంకుది. తెరిచి చూసి మళ్ల ఈ ఉత్తరం చదువు.

చూసినవా? ముప్పై నాలుగు వేల ఆరు వందలు. నాదే. జహీరాబాద్ బ్యాంకుల ఉన్నది. ఖేడ్‌ల వేస్తే అందరికి తెలుస్తదని అంత దూరం పోయి వేసిన. పదహారేండ్లకెల్లి వేస్తున్న. గొంగడి కింద ఉన్న పెసల బస్తాలు నా తిండికనుకున్నవా? కోతలప్పుడు ఆడోళ్ల దగ్గర శేరు శేరు కొని, ధర పెరిగినంక బీదర్ ధాన్యం గంజ్‌ల అమ్ముత. బస్సుల పోయేటప్పుడు ఎవరన్న అడిగితే చుట్టాలకు పెసలు తీస్కపోతున్న అంటుంటి. బీదర్‌ల నాకు ఇంతమంది చుట్టాలెక్కడోళ్లని ఇప్పటిదాక ఎవ్వలు అడగలే.

ఇప్పుడు కాయితం మీద తేదీ చూడు. మార్చి పన్నెండు. నీకు వేరే దారి చూస్తున్న అని రాసిన మూడో దినమే పోయి తెచ్చిన. నెల దినాలు పెట్టెల పెట్టుకొని కూసున్న. నువ్వన్నది నిజమే. మొదటిది పొరపాటు. మాణిక్యప్పది కూడ పొరపాటే. ఇది మాత్రం కావాలని చేసిన.

ఎందుకంటే, మొదలు సిగ్గయింది. నెలనెల నువ్వు యాభై రూపాయలు పంపుతవు, అత్త పస్తులుంటదని. నేను దస్కత్ పెట్టి తీసుకున్న. వద్దని రాస్తే ఎందుకు వద్దంటవని అడుగుతవు కదా అని ఊరుకున్న. ఊరోళ్ల ముంగట, సర్కారు ముంగట గరీబును. అలవాటయి నీ ముంగట కూడ గరీబునే అయిన. ఈ కాయితం నీ చేతిల పెడితే నన్నేమనుకుంటవో అని భయమైంది.

రెండోది, నువ్వు పోవుడు నాకిష్టం లేదు. రాసిన, చదువుకో. నీ చేతిల పోయిన పిల్ల గురించి చదివినప్పుడు పోవాలె అనుకున్న. మళ్ల బీరువల నీ చిన్నప్పటి గౌను చూస్తే పోవద్దు అనుకున్న. నెల దినాలు ఇదే పని. సొలొమోనుకు కోడి నవ్వులకు కోయలే. వానికి నువ్వు నచ్చాలె, నీకు వాడు నచ్చాలె అని కోసిన.

ఇగ ఫారం. నేను ఆమె మేనత్తను అని ఉన్న కాడ దస్కత్ పెట్టిన. ఖర్చు భరిస్త అని ఉన్న కాడ పెట్టిన. మూడో గీత కాడ చెయ్యి ఆగింది. 'చదువు పూర్తయ్యాక ఈమె స్వదేశానికి తిరిగి వస్తుందని నేను పూచీ' అని నువ్వే పెన్సిలుతోని రాసినవు. కాయితాల మీద అబద్ధమాడుడు నాకు భయం లేదు. నా అంత ఎవ్వలాడిన్రు? గని ఇన్నేండ్లు ఆడినయన్ని నా గురించి. ఇది నీ గురించి.

అందుకే అడుగుతున్న. వస్తవా?

నిన్ను నెల దినాలు ఏడిపించిన
నీ అత్త

*

హైదరాబాదు,
18-4-1987

అత్తమ్మా,

ముప్పై నాలుగు వేల ఆరు వందలు.

చెప్పులు తెగితే మూడుసార్లు కుట్టించుకున్నాను. క్యాంటీనులో చాయ్ మానేశాను. పండక్కి అందరూ కొత్త చీరలు కట్టుకుంటే నేను యూనిఫారంలో డ్యూటీ వేయించుకున్నాను. ఎందుకు? ఖేడ్‌లో మా అత్త పస్తులుంటుందని. నువ్వు నా యాభై తీసుకుని జహీరాబాద్ బస్సెక్కావు. నీ కాగితం పట్టుకుని గంటసేపు నవ్వాను, ఏడ్చాను, నిన్ను తిట్టాను. నా గది అమ్మాయి భయపడి నీళ్లు తెచ్చింది. ఇకనుంచి నీకు మనియార్డరు బంద్.

నిన్ను ఏమనుకుంటానో అని భయపడ్డావు కదా, చెప్తాను. నాకు గర్వంగా ఉంది. మండుతోంది కూడా.

ఒక తిప్పలుంది. బ్యాంకు కాగితంతో పాటు ఆదాయం కాగితం కూడా పెట్టాలి. ఏడాదికి పందొమ్మిది వందల ఆదాయమున్న మనిషి ఖాతాలో ఇంత డబ్బుంటే, నిన్ను దొంగ అనుకుంటారు. నిజమైన ఆదాయం రాయించాలి. రాయిస్తే నీ బియ్యం కార్డు పోతుందేమో, ఊరంతా తెలుస్తుందేమో. అది నీ ఇష్టం, నేను బలవంతం చేయను.

ఇక నువ్వడిగింది. మూడు రోజులుగా జవాబు రాస్తున్నాను, చింపేస్తున్నాను. వస్తానని రాయడం సులువు. రాస్తే నువ్వు సంతకం పెడతావు, నాకు పని అయిపోతుంది. కానీ మా దవాఖాన నుంచి ముగ్గురు నర్సులు బయటి దేశాలకు వెళ్లారు, ఒక్కరే తిరిగి వచ్చారు. మిగతా ఇద్దరూ అబద్ధాలకోరులు కారు. వెళ్లేటప్పుడు వాళ్లు కూడా వస్తామనే అనుకున్నారు. నేను రావాలనే అనుకుంటున్నాను. ఆ గల్లీకి మంచినీళ్లు తెప్పించాలనే చదువుతున్నాను. వస్తానో రానో మాత్రం నాకు తెలియదు. నీకు అబద్ధం చెప్పి సంతకం తీసుకోలేను.

ఆ గీత కొట్టేస్తే ఫారం చెల్లదట, అడిగి తెలుసుకున్నాను. ఈ ఉత్తరం స్తెఫను చేతికిచ్చి పంపుతున్నాను, ఫారం కూడా అతని చేతికే ఇవ్వు. నువ్వు సంతకం పెట్టకపోతే నేను అలగను. అలుగుతాను, కానీ కొన్నాళ్లే.

నీ
ఎలీసబెతు

*

ఖేడ్,
26-4-87

బిడ్డా ఎలీసబెతూ,

స్తెఫను బస్సు కదిలేటప్పుడు ఈ కవరు ఇస్తున్న. ఎల్లుండి నువ్వు పోస్టు చేసినా రెండు దినాలు మిగులుతయి. వానికి చాయ్ పైసలిచ్చిన, మళ్ల ఇయ్యకు. తీసుకుంటడు.

ఆమ్దాని కాయితం కొత్తది పెట్టిన. పదిహేను వేల రెండు వందలు. నిజమే. మాణిక్యప్ప ముంగట కూసొని పెసలు ఇన్ని, మినుములు ఇన్ని, పాలు ఇన్ని అని ఒక్కొక్కటి చెప్పిన. 'అక్కమ్మా, అప్పుడు నీకోసం నేను ఏడిస్తి కదనే' అన్నడు ఆయన. ఏడ్చినవు, మంచిగ ఏడ్చినవు, ఇప్పుడు రాయి అన్న. రాసిండు. ఈసారి ఒక్క 'కాని' కూడ రాయలే. అర్జీకి రెండు రూపాయలు తీసుకునేటోడు, ఈసారి ఐదు అడిగిండు. ఉన్నోళ్లకు వేరే రేటంట.

ఆఫీసులకు పోయి నేనే చెప్పిన, మొన్న నాకు జరం లేకుండె సారూ, పెసల బస్తాల మీద పండుకున్న అని. ఇల్లు చూడనీకె వచ్చిన ఆ సారు తలకాయ పట్టుకున్నడు, మళ్ల నవ్విండు. బియ్యం కార్డు వాపసిచ్చిన. దుకాణపాయన ఈసారి నవ్వలే, రెండు చేతుల తీసుకున్నడు. పదహారేండ్లు దాచుకున్నదాన్ని ఒక్క దినం బయట పెట్టుకుంటే బట్టలు లేకుండ బజార్ల నిలవడ్డట్టున్నది. గని ఒక మాట చెప్పాలె, లక్ష్మవ్వ వచ్చి, నువ్వింత గట్టిదానివని నాకు ఎరుక లేదు అన్నప్పుడు మంచిగనే అనిపించింది. తోమాకు రెండు రేకులిచ్చిన. పెండ్లి లేదు, చదువుకని అందరికి చెప్పిన. పంచాయితీ పెట్టనీకె వచ్చినోళ్లను, మీ బర్రెలెన్నో సారుకు చెప్పమంటరా అని అడిగిన. ఎవ్వలు కూసోలే.

పైసలు నువ్వు పోయేముందు నీ పేరు మీద చేస్త. లెక్కలు చెప్పకు, ఖర్చు పెట్టుకో. ఆడ చలి ఉంటదంట, చెప్పులు కొత్తవి కొనుక్కో, మూసి ఉండేటియి.

ఇగ మూడో గీత. వస్త అని రాస్తవేమో, అప్పుడు నమ్మాల్నా వద్దా అని భయపడుతుంటి. నువ్వు తెల్వదని రాసినవు. చదివి కొంచెంసేపు ఏడ్చిన. మళ్ల కండ్లద్దాలు తుడుసుకొని దస్కత్ పెట్టిన. పూర పేరు రాసిన, ఇంటిపేరుతోని, వంకర పోకుంట. నీకు తెల్వదు, నాకు తెల్వదు. తెల్వని ఇద్దరం కలిసి పూచీ రాసి పంపుతున్నం, వాళ్లు నమ్మితే నమ్మనీ.

నువ్వు రాకపోతే పూచీ పడ్డోళ్లను పట్టుకుంటరంట, మాణిక్యప్ప చెప్పిండు. భయపెడుదామని చెప్పిండు గని నాకు భయం కాలే. పట్టుకోనీకె రానీ. ఎవడన్న దొర అంత దూరంకెల్లి ఖేడ్ బస్టాండుల దిగి, అక్కమ్మ ఇల్లేదని అడుక్కుంట వస్తే, నేను కుర్చీ ఏసి కూసోబెడుత, చాయ్ పోస్త. కేసు సంగతి తర్వాత, ముందుగాల నా బిడ్డ ఆడ మంచిగున్నదా, టైముకు తింటున్నదా చెప్పు అని అడుగుత.

నీకు పూచీ పడ్డ
అక్కమ్మ